పఠనాభ్యాస ప్రోత్సాహము – ప్రాథమిక పాఠశాలలు

అక్షరజ్ఞానమును పఠనశక్తియు ఒకటియే యని లోకము సామాన్యముగా భావించుచుండును. పలకమీద అక్షరములు దిద్ది, గుణింతములు వల్లించి, ఒత్తులు గుర్తుపట్టగలిగిన బాలునికి చదువు వచ్చినదని తల్లిదండ్రులు సంతసింతురు. తరగతి దాటించి ఉపాధ్యాయుడును తృప్తినొందును. కాని అక్షరములను కూడబలికి పదమును పలుకుట వేరు, పలికిన పదముల అర్థమును గ్రహించుట వేరు, గ్రహించినదానియందు రుచి పుట్టి, ఎవ్వరును చెప్పకయే మరియొక పుస్తకమును వెదకికొని చదువుట వేరు. ఐదారేండ్లు మొదలు పదిపదునొకండేండ్ల వరకుగల బాలబాలికలను ఈ మూడవ దశకు చేర్చుటకై, పాఠ్యపుస్తక బోధనకు తోడుగా పాఠశాలలు అవలంబించు ఏర్పాటులన్నియు పఠనాభ్యాస ప్రోత్సాహ కార్యక్రమములనబడును. కథలను చదివి వినిపించుట, తరగతి గదిలో ఒక మూలను పుస్తకములకై అమర్చుట, దినమునకు కొంత కాలము స్వేచ్ఛాపఠనమునకు విడుచుట, పుస్తకములను ఇండ్లకు పంపుట, వెనుకబడినవారిని వారి వారి స్థాయిని బట్టి కూర్చుండబెట్టి నేర్పుట, పిల్లలచేత గోడపత్రికలు వ్రాయించుట మొదలైనవి ఇందు చేరును. తెలుగుదేశమునందలి చరిత్రయు అనుభవమును ఈ వ్యాసమునకు ప్రధాన విషయములు. ఇతర దేశముల ప్రయత్నములు వాటికి వెలుగు చూపునంతవరకే ఇందు ప్రస్తావింపబడినవి.

ఈ సమస్య నేటిది కాదు. మదరాసు గవర్నరుగానుండిన సర్ థామస్ మన్రో 1822లో జిల్లా కలెక్టరులను తమ తమ జిల్లాలయందలి దేశీయ పాఠశాలల లెక్కలు పంపుడని కోరగా, బళ్ళారి కలెక్టరు ఎ. డి. క్యాంబెల్ 1823 ఆగస్టులో పంపిన నివేదిక నేటికిని చదువదగిన పత్రము. నేటి అనంతపురప్రాంతము కూడ నాడు బళ్ళారి జిల్లాలోనిదే. ఆ జిల్లాలో 533 పాఠశాలలును, వాటిలో 6,641 మంది విద్యార్థులును ఉన్నట్లు ఆయన లెక్కించెను. అందు కన్నడము నేర్పునవి 235, తెలుగు నేర్పునవి 226. క్యాంబెల్ కేవలము లెక్కలు కట్టిన అధికారి కాడు; 1816లో తెలుగు వ్యాకరణమొకటి ఆంగ్లమున ప్రకటించిన భాషావేత్త. ఇసుకలో వ్రేలితో అక్షరములు వ్రాయుచు నేర్చుకొను పద్ధతిని, పెద్ద పిల్లలచేత చిన్న పిల్లలకు చెప్పించు విధానమును ఆయన మెచ్చుకొనెను. లోపమెచ్చటనున్నదో కూడ దాపరికము లేక చెప్పెను. బడులలో చదివించు గ్రంథములు పద్యరూపమున ఉండుటచేతను, వాటి భాష నిత్యవ్యవహారమునందలి భాషకు మిక్కిలి దూరమగుటచేతను, పిల్లలు చిలుకలవలె వల్లించుటయే తప్ప భావమును గ్రహింపలేకుండిరని ఆయన అభిప్రాయము. రెండువందల యేండ్ల తరువాత ప్రభుత్వములు ‘అర్థవంతమైన పఠనము’ అను మాటను లక్ష్యపత్రములలో వ్రాసికొనుచున్నవనిన, ఆ కలెక్టరు వ్రేలు పెట్టి చూపిన చోటికే మరల వచ్చుచున్నవని అర్థము.

బడిభాషకును ఇంటిభాషకును గల ఈ అంతరము పందొమ్మిదవ శతాబ్దిలో తగ్గుటకు మారుగా స్థిరపడెను. పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రిక (1853) గద్యరచనకు ఒజ్జబంతి యయ్యెను. దాని సొగసు నిస్సందేహమైనదే గాని, ఆ శైలినే ప్రమాణముగా గైకొని చిన్నపిల్లల వాచకములు వ్రాయబడినపుడు ఆ బాలురకు మాతృభాషయే పరభాషయైనది. విశాఖపట్టణమున పి. టి. శ్రీనివాస అయ్యంగారు, పాఠశాలల పర్యవేక్షణాధికారి జె. ఎ. యేట్సు, పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులు ఈ చిక్కును గుర్తించిరి. 1906 ప్రాంతమున మొదలైన వ్యావహారిక భాషోద్యమమునకు మూలము కవిపండితుల గోష్ఠి కాదు, తరగతి గది. బాలునికి వచ్చిన మాటలతోనే బాలునికి చదువు నేర్పవలెనన్నది గిడుగువారి వాదము. గ్రాంథికచ్ఛాయగల భాషలో ఆ వాదమును ఇచ్చట వివరించుట కొంత వింతగానే కనబడవచ్చును. అయితే ఈ వ్యాసమును మూడవ తరగతి బాలుని చేతికిచ్చి చూచినచో, అతడు రెండవ పంక్తియందే పెట్టు ముఖమును బట్టి పంతులుగారి పక్షమున ఎంత న్యాయమున్నదో తేటపడగలదు.

వీధిబడి కాలమున పిల్లవాని చేతికందిన ముద్రిత పుస్తకము ఒక్కటే: 1832లో పుదూరు సీతారామశాస్త్రి రచించిన బాలశిక్షనుండి పెరిగిన పెద్దబాలశిక్ష. అక్షరములు, గుణింతములు, లెక్కలు, నీతివాక్యములు, పురాణవిషయములు, భూగోళము, అన్నియు అందు గలవు. పిల్లవాడు తనంత తాను నవ్వుకొనుచు చదువుకొనదగినది మాత్రము అందు కొంచెమే. రెండవ పుస్తకము కావలెనను కోరికకు ఆధారమును చూపినది ఇరువదవ శతాబ్ది గ్రంథాలయోద్యమము. హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము 1901లోను, హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము 1904లోను వెలసినవి. 1914లో బెజవాడయందు అయ్యంకి వేంకటరమణయ్యగారి కృషిచే ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘము ఏర్పడినది. వేటపాలెమున సారస్వత నికేతనము 1918లో ప్రారంభమైనది. పాతూరి నాగభూషణముగారు 1935లో కృష్ణా కాలువపై కొల్లూరు, పెదవడ్లపూడి గ్రామముల నడుమ నడిపించిన పడవ గ్రంథాలయము ఈ ఉద్యమమున మరపురాని ఘట్టము. పాఠకుడు పుస్తకము వద్దకు రాలేనపుడు పుస్తకమే పాఠకుని వద్దకు పోవలెనను ఆలోచన నేడు బడిపిల్లల కొరకు నడచు సంచార గ్రంథాలయములకు పూర్వరూపము. ఆ ఉద్యమనాయకుల దృష్టి ప్రధానముగా వయోజనులమీదనే యుండెను. పిల్లల కోసమై ప్రత్యేకముగా వెలసినవి పత్రికలు. రేడియో అన్నయ్య, అక్కయ్యలుగా తెలుగువారెరిగిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు 1945లో మదరాసునుండి ‘బాల’ను ప్రారంభించిరి, 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణిగార్ల ‘చందమామ’ వెలువడినది. అనేక తరముల తెలుగువారు చదువుటను బడిలో నేర్చికొని చదువరులుగా మారినది చందమామవలన. నెలకొక్కమారు వచ్చు ఆ సంచికకై అన్నదమ్ములు పెనగులాడిన ఇండ్లకు లెక్క లేదు. మార్కులు లేవు, ప్రశ్నలు లేవు, వచ్చే నెలలో బేతాళుడేమి అడుగునో యను ఆత్రము మాత్రమే కలదు.

స్వాతంత్ర్యానంతరము ప్రభుత్వములు ప్రధానముగా బడులను కట్టుటయందును, పిల్లలను బడిలో చేర్చుటయందును శ్రమించెను. 1987లో వచ్చిన కేంద్రప్రభుత్వ పథకము (‘నల్లబల్ల పథకము’ అని తెలుగు ఉపాధ్యాయులు చెప్పుకొనునది) ప్రతి ప్రాథమిక పాఠశాలకు రెండు గదులు, ఇద్దరు ఉపాధ్యాయులతోపాటు బోధనోపకరణములను, కొన్ని గ్రంథములను కూడ సమకూర్చవలెనని సంకల్పించినది. అంతకు కొంచెము ముందు, 1984లో బ్రిటిషు సహాయముతో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకము, పిల్లలు చేసి నేర్చుకొనవలెననియు, జట్లుగా పనిచేయవలెననియు, వారి పనులను గోడలపై ప్రదర్శింపవలెననియు ఉపాధ్యాయులకు శిక్షణనిచ్చినది. తెలుగు ప్రాథమిక పాఠశాలల గోడలు మాటలాడ నేర్చినది ఆ కాలముననే యనవచ్చును. 2009 విద్యాహక్కు చట్టము తన అనుబంధములో ప్రతి పాఠశాలకును వార్తాపత్రికలు, మాసపత్రికలు, కథల పుస్తకములు గల గ్రంథాలయముండవలెనని విధించెను. 2018 తరువాత సమగ్ర శిక్ష క్రింద ప్రాథమిక పాఠశాలకు ఏటేట 5,000 రూపాయల గ్రంథాలయ నిధి ఏర్పడినది.

పుస్తకములు వచ్చినవి, వచ్చిన పుస్తకములు ఎచ్చటికి పోయినవని అడిగినచో, బీరువాలోనికని చెప్పవలసియుండును. ఈ విషయమును కొంత విపులముగా చర్చించుట యుక్తము, ఏలయన కార్యక్రమముల జయాపజయములు చాలవరకు ఈ బీరువా తాళపుచెవియందే ఇమిడియున్నవి. పుస్తకములు స్టాకు రిజిస్టరులో ఎక్కగానే ప్రభుత్వపు ఆస్తియగును. ఒకటి చినిగినను, పోయినను, తనిఖీనాడు గాని బదిలీనాడు గాని జవాబు చెప్పవలసినవాడు ప్రధానోపాధ్యాయుడు. చినిగిన పుస్తకము చదువబడిన పుస్తకమని తనిఖీ పత్రములో వ్రాసికొనుటకు గడి లేదు. కాబట్టి జాగ్రత్తపరుడైన ఉద్యోగి బీరువాకు తాళము వేయును. నవంబరు 14 మొదలు 20 వరకు జరుగు గ్రంథాలయ వారోత్సవములలో దానిని తెరచి, పుస్తకములను బల్లలమీద పేర్చి, ఫొటో తీయించి, మరల మూయును. ఇందు అతని దుర్బుద్ధి ఏమియు లేదు, ఏర్పాటే అట్టిది. పఠనకార్యక్రమము బాగుగా నడచిన పాఠశాలలను చూచినచో సాధారణముగా అక్కడ జరిగిన మొదటి పని ఈ తాళము తీయుటయే. గోడ పొడవునా తాడు కట్టి, పుస్తకములను బట్టలు ఆరవేసినట్లు వ్రేలాడదీయుదురు; ముఖచిత్రము కనబడుటచే పిల్లవాడు తనంత తాను ఎన్నుకొనును. పుస్తకము తీసికొనిపోవువారి పేరును నాల్గవ, ఐదవ తరగతుల పిల్లలే ఒక నోటుపుస్తకములో వ్రాసికొందురు. కొన్ని పుస్తకములు పోవును. అంతకంటె ఎక్కువ పుస్తకములు ఇంటికి పోయి, అమ్మకో చెల్లెలికో చదివి వినిపింపబడి, నూనెమరకతో తిరిగివచ్చును.

పుస్తకములను కేవలము అందుబాటులో ఉంచినంతమాత్రమున ఫలము కలుగునా యను ప్రశ్నకు ఫిజీ ద్వీపములయందు జరిగిన ప్రయోగము ప్రసిద్ధమైన సమాధానము. 1980 దశకారంభమున ఎల్లీ, మంగుభాయి అను ఇరువురు పరిశోధకులు ఎనిమిది గ్రామీణ పాఠశాలలలోని నాల్గవ, ఐదవ తరగతులకు, పిల్లలు మెచ్చునట్టి బొమ్మల కథాపుస్తకములు సుమారు 250 చొప్పున ఇచ్చిరి. ఆ పిల్లలకు ఆంగ్లము పరభాష. కొన్ని తరగతులలో ఉపాధ్యాయులు కథను అందరితో కలిసి చదివి చర్చించిరి; మరికొన్నింట పిల్లలు ప్రతిదినము కొంతసేపు మౌనముగా తమకు నచ్చినది చదువుకొనిరి. యథాపూర్వముగా పాఠములు చెప్పించుకొన్న పిల్లలకంటె వీరు చదివి గ్రహించుటయందు సుమారు రెట్టింపు వేగముతో ముందునకు సాగిరి. జపానునందు హయాషి హిరోషి అను ఉపాధ్యాయుడు 1988లో ప్రారంభించిన ‘ప్రాతఃపఠనము’ ఇంతకంటెను సులభము: ఉదయమున పాఠములకు ముందు పది నిమిషములు, అందరును, ప్రతిదినము, తమకు నచ్చిన పుస్తకమును ఊరక చదువవలెను. ఉన్నత పాఠశాలలో పుట్టిన ఈ పద్ధతి ఆ దేశపు ప్రాథమిక పాఠశాలలలోనికి విస్తారముగా వ్యాపించెను. ఇందు ‘అందరును’ అను మాటలో ఉపాధ్యాయుడును చేరియున్నాడు. ఆ పది నిమిషములలో హాజరుపట్టీలు పూరించు పంతులుగారిని చూచుచున్న పిల్లలు పఠనముకంటె హాజరుపట్టీయే ఘనమైనదని తెలిసికొందురు.

తెలుగు చదువుటయందు కొన్ని ప్రత్యేకమైన కష్టములును, సౌకర్యములును కలవు. వ్రాసినట్లే పలుకుదుము గనుక, ఆంగ్లబాలునివలె మన బాలుడు ఒక్కొక్క పదమునకు వర్ణక్రమమును ప్రత్యేకముగా కంఠస్థము చేయనక్కరలేదు. కాని అచ్చులు, హల్లులు తెలిసినంత మాత్రమున పని తీరదు. ప్రతి హల్లునకును గుణింతపు గుర్తులు చేరవలెను. క, త, న, మ, య, ర, ల అను అక్షరముల ఒత్తులు ఆ అక్షరములను బొత్తిగా పోలియుండవు. ‘రాష్ట్రము’, ‘స్త్రీ’ వంటి పదములలో ఒత్తుక్రింద ఒత్తు వచ్చును. అందుచేత అక్షరమాల అంతయు ముగిసిన పిమ్మట గుణింతములు, గుణింతముల పిమ్మట ఒత్తులు, ఆ పిమ్మట పదములు, చివరకు కథ అను పాత క్రమమును పాటించినచో, కథ వచ్చు వేళకు రెండేండ్లు గడచి బాలునికి చదువుపై విరక్తి కలుగును. ఎరిగిన పదములతో, బొమ్మలతో మొదలుపెట్టి, ఆ పదములలోనుండి అక్షరములను విడదీసి చూపు పద్ధతి ఇందుకు విరుగుడుగా వచ్చినది. దీనికి బలమిచ్చునది ఉపాధ్యాయుడు కథను చదివి వినిపించుట. న్యూజిలాండునందు డాన్ హోల్డవే ప్రచారము చేసిన పద్ధతిలో, తరగతి అంతటికిని కనబడునంత పెద్ద అచ్చుగల పుస్తకమును నిలబెట్టి, పంక్తి వెంబడి వ్రేలు నడుపుచు అందరును కలిసి చదువుదురు. తాను చదువలేని కథను బాలుడు వినగలడు. వినగలిగిన కథకొరకే చదువుటను నేర్చుకొనును. అమ్మమ్మ ఒడిలో కథ విన్న పిల్లవానికి ఇది క్రొత్త కాదు, చెప్పువారు మారుటయే తేడా.

పిల్లలు ఎంతవరకు చదువగలుగుచున్నారో ఇంటింటికి పోయి పరీక్షించు పద్ధతి 2005లో ‘అసర్’ సర్వేతో దేశమున నెలకొనినది. ప్రథమ్ సంస్థ నడిపించు ఈ సర్వేలో గ్రామీణ బాలునికి వరుసగా అక్షరములు, పదములు, ఒకటవ తరగతి స్థాయి పేరా, రెండవ తరగతి స్థాయి కథ ఇచ్చి చదివింతురు. దేశమంతటిమీద మూడవ తరగతి పిల్లలలో రెండవ తరగతి కథను చదువగలిగినవారు 2018లో నూటికి 27.3, కరోనా కారణముగా బడులు మూతపడిన పిదప 2022లో 20.5, మరల 2024లో 27.1. ఐదవ తరగతివారిలోనైనను 2024లో ఆ కథను చదువగలిగినవారు 48.8 శాతమే. ఈ పరీక్షకు తోడుగా ఒక చికిత్సయు కలదు: రోజులో కొంతసేపు పిల్లలను తరగతిని బట్టి కాక, చదువగల స్థాయిని బట్టి జట్లుగా కూర్చుండబెట్టి నేర్పుట. నాల్గవ తరగతివాడు రెండవ తరగతివానితో కలిసి కూర్చుండుటకు మొదట సిగ్గుపడును. రెండు వారములలో పదమునుండి వాక్యమునకు ఎగబ్రాకినపుడు ఆ సిగ్గు మరచును. ఒకరిద్దరు ఉపాధ్యాయులే ఐదు తరగతులను మోయవలసిన మన పల్లెబడులకు ఈ పద్ధతి సహజముగా అమరినది.

ప్రభుత్వ కార్యక్రమములు ఇటీవల వరుసగా వచ్చినవి. ఆంధ్రప్రదేశమున 2020 నవంబరులో ‘చదవడం మాకిష్టం’ మొదలైనది. కేంద్రప్రభుత్వము 2021 జులైలో నిపుణ్ భారత్‌ను ప్రకటించి, 2026–27 నాటికి మూడవ తరగతి ముగియునప్పటికి ప్రతి బాలునికిని చదువుటయు, లెక్కలును రావలెనని లక్ష్యముంచినది. 2022 జనవరినుండి నూరు దినముల పఠనోద్యమమును నడిపెను. తెలంగాణమున 2022 ఆగస్టులో ఒకటినుండి ఐదు తరగతులకు ‘తొలిమెట్టు’ ప్రారంభమైనది. ఈ పేర్లలో సర్వసామాన్యమైన ఉత్సాహమునకు తోడు ఒక కొలబద్దయు వచ్చినది: మూడవ తరగతి బాలుడు ఎరుగని పేరాను నిమిషమునకు కనీసము 60 పదముల చొప్పున అర్థముతో చదువవలెను. ఈ సంఖ్యను తెలుగునకు అన్వయించునపుడు జాగ్రత్త అవసరము. హిందీలో విభక్తి ప్రత్యయములు నామమునుండి విడిగా వ్రాయబడి వేరు పదములుగా లెక్కకు వచ్చును. తెలుగున ‘ఇంట్లోనుంచి’ యనునది ఒకే పదము, ‘వెళ్ళిపోతున్నాడనుకున్నాను’ అనునదియు ఒకే పదము. సంధులచేతను, ప్రత్యయములచేతను పొడవైన మన పదములు అరువదింటిని, పొట్టి పదములు గల భాషయందలి అరువదింటితో సమానముగా గడియారము క్రింద నిలుపుట న్యాయము కాదు. పైగా గడియారమును చూచి తరిమిన బాలుడు గబగబ చదువును గాని, అర్థమడిగినచో తెల్లబోవును. క్యాంబెల్ చూచిన చిలుకపలుకులు పద్యముననే కాదు, వేగమునను ఉండవచ్చును.

ఇంటిభాష వేరైన పిల్లల విషయము మరింత క్లిష్టము. సవర, కోయ, గోండు, కొలామి, కువి, కొండ, ఆదివాసీ ఒరియా, బంజారా భాషలు మాటలాడు పిల్లలు ఒకటవ తరగతిలో అడుగిడగానే తెలుగు అక్షరములతోపాటు తెలుగు భాషనే నేర్వవలసివచ్చును. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2004 ప్రాంతమున ఈ ఎనిమిది భాషలయందు తెలుగు లిపిలో వాచకములు తయారుచేయించి, మొదట ఇంటిభాషలో చదువ నేర్పి క్రమముగా తెలుగునకు దాటించు బహుభాషా విద్యాకార్యక్రమము మొదలుపెట్టబడెను. ఆ ఊరి పాటలు, కథలు, అడవిలోని చెట్లపేర్లు ఆ పుస్తకములయందు చోటుచేసికొనెను. సవర భాషను నేర్చి, సవరలకు బడులు పెట్టి, వారి భాషలో పుస్తకములు వ్రాసిన గిడుగు రామమూర్తిగారు ఈ మార్గమున నూరేండ్లు ముందుగా నడచినవారు. అయితే ఈ కార్యక్రమము ఆ భాష వచ్చిన ఉపాధ్యాయుడున్న చోటనే నిలిచెను. అతడు బదిలీయైన చోట పుస్తకములు మూగవోయెను.

చదివింపదలచినవానికి చదువదగినవి కావలెను గదా. 1957లో వెలసిన నేషనల్ బుక్ ట్రస్టు నెహ్రూ బాల పుస్తకాలయము పేర తెలుగున అల్పమూల్య గ్రంథములను ప్రకటించినది. మాస్కోలో తెలుగున అచ్చై విశాలాంధ్ర దుకాణములకు వచ్చిన సోవియట్ బాలల పుస్తకములు ఆనాటి పిల్లలకు రంగుల లోకమును చూపినవి. వాటిలో పెక్కింటిని నేడు హైదరాబాదులోని మంచి పుస్తకం సంస్థ పునర్ముద్రించుచున్నది. 2004లో స్థాపితమైన ప్రథమ్ బుక్స్ కథలను నాలుగు పఠనస్థాయిలుగా విభజించి, 2015నుండి స్టోరీవీవర్ అను అంతర్జాల వేదికమీద ఉచితముగా ఉంచినది. ఉపాధ్యాయుడు ఎవడైనను అందులోని కథను తెలుగు చేసికొనవచ్చును, అచ్చు వేసికొనవచ్చును. మొదటి స్థాయి పుస్తకమున పుటకొక్క వాక్యము మాత్రమే యుండును. ఇట్టి పుస్తకములు తెలుగున చిరకాలము కరవైయుండెను. మన బాలసాహిత్యము చదువ నేర్చినవానికి వ్రాయబడినదే గాని, నేర్చుకొనుచున్నవానికి వ్రాయబడినది స్వల్పము.

విదేశములలోని తెలుగు కుటుంబములయందు ఈ చిక్కు తలక్రిందుగా కనబడును. అమెరికాలో 2007నుండి సిలికానాంధ్ర నడుపుచున్న మనబడి తరగతులకు వారాంతమున వచ్చు బాలుడు ఆంగ్లమున ధారాళముగా చదువును. ఇంట తెలుగును వినును, కొంత మాటలాడును. తెలుగు అక్షరమును మాత్రము ఎనిమిదవ యేటనో తొమ్మిదవ యేటనో మొదటిసారి చూచును. పఠనమన్న నేమో అతనికి తెలియును, లిపి తెలియదు. పల్లెబడి బాలునికి లిపి తెలిసి పఠనము తెలియకుండుటకు ఇది సరిగా ఎదురుదిక్కు. అక్షరములు వచ్చిన పిమ్మట అతనికి ఒకటవ తరగతి పాఠములు చప్పగానుండును, అతని వయసునకు తగిన కథలు కఠినముగానుండును. పది పండ్రెండేండ్లవారు ఇష్టపడి చదువుకొను చిన్న నవలలకై తానా సంస్థ మంచి పుస్తకంతో కలిసి పోటీలు పెట్టి ప్రకటించుచున్న గ్రంథములు ఈ ఖాళీలోనికి వచ్చినవి. ఒకే పుస్తకము డల్లాసులోని ఒక ఇంటను, అనంతపురము జిల్లాలోని ఒక బడి తాటిమీదను కనబడుట వాటివలన సాధ్యమైనది.